తడిబండపై నిలుచు పాదము

పొడిబండమీద పరుగెత్తిపోయిన మనిషి, అదే బండ తడిసినంతమాత్రమున, దానిమీద నిలువనైన లేక ఏల జారిపడును? ఏటిలో దిగి గాలము వేయువారును, చెరువు నిండి నీరు పొరలు మరువ పారునపుడు వల చేతబట్టి నీటిలో నిలుచువారును తరతరములుగ ఈ ప్రశ్న నడుగుచునే యున్నారు. “పాచి పట్టినది, కాలు జారినది” అని తమకు తామే బదులు చెప్పుకొనుచునున్నారు. ఆ బదులు సత్యమే. కాని అందు సగమే కలదు. నీరు ఏల జార్చును, పాచి ఏల జార్చును, ఆ రెంటికిని ఒకే మందు పనిచేయునా, మోకాటిలోతున నిలిచిన పాదము తొడలోతున ఏల నిలువదు, కాలికి ఏది తొడిగిన నిలుచును అను ప్రశ్నలను వరుసగ విప్పిననేగాని మిగిలిన సగము మనకు దొరకదు.

తనకల్లు పేరు చెప్పి ఏటిలో దిగు జోళ్ళను గూర్చి వ్రాయుట కొందరు పాఠకులకు వింతగ తోపవచ్చును. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురియుటయే మేలనిపించు అనంతపురపు పీఠభూమిలోని యూరిది. కర్ణాటకమున నందికొండలలో పుట్టిన పాపాఘ్ని ఈ సీమమీదుగ సాగి, వెలిగల్లు జలాశయమును నింపి, కడపసీమలో కమలాపురముకడ పెన్నలో కలియును. కాని సంవత్సరములో అధికభాగము ఆ నది మనకు ఇసుకగనే కనబడును. అయినను, వాన పడిన యేట చెరువులు నిండి మరువలు పారునపుడును, చెన్నరాయస్వామి గుడి జలాశయమునకు నీరు చేరినపుడును, గాలములును విసురువలలును అటకలమీదినుండి దిగును. ప్రవాహమునకు ఎదురెక్కు చేపకొరకు పెద్దలును పిల్లలును మోకాటినీటిలో నిలుతురు. గోదావరి లంకలలో పుట్టిన బిడ్డ నడకతోపాటే నీటిని నేర్చుకొనును. ఇచటి బిడ్డకు నిండుగ పారు ఏటిని చూచుటయే కొన్ని యేండ్లకొకసారి. నీరు అరుదైనచోటనే నీటి స్వభావమును ఎక్కువగ చెప్పవలసియున్నదని నా దృఢాభిప్రాయము.

బండకును పాదమునకును నడుమ

మనము నేలమీద నిలువగలుగుట ఘర్షణ యను శక్తివలననే. 1699లో అమాంతోం అను ఫ్రెంచి విద్వాంసుడును, 1785లో అదే దేశమువాడైన కూలుంబును ప్రయోగములు చేసి, ఒక వస్తువు మరియొక వస్తువుమీద జారకుండ అడ్డగించు శక్తి ఆ రెంటిని అదుముచున్న బరువునుబట్టి యుండునని చూపిరి. బరువు తగ్గిన పట్టు తగ్గును. ఈ యొక్క విషయమును పాఠకుడు మనసున నిలుపుకొనవలెను. ముందు ముందు ఏటిలో దిగునపుడు ఇది మనకు అక్కరకు వచ్చును.

పొడిగానున్న నల్లరాతిబండపై రబ్బరు సోలు మోపినచో, మెత్తని రబ్బరు రాతిపలుకుల ఎగుడుదిగుడులలోనికి ఒదిగి, వేలకొలది చోట్ల దానిని తాకి పట్టుకొనును. తనకల్లు చుట్టుపట్లనున్న గుండ్లును బండలును చాలవరకు ఈ జాతి రాళ్ళే. చేతితో తడిమినచో గరుకుదనము తెలియును. ఎద్దుతోలు మెట్లు తొడిగినవాడును, టైరుముక్కతో కుట్టిన చెప్పులు తొడిగినవాడును అట్టి బండమీద ఎండకాలమున నిర్భయముగ నడచును. అదే బండపై నీరు చేరినపుడు రబ్బరుకును రాతికిని నడుమ ఒక మూడవ వస్తువు వచ్చి కూర్చున్నది. ఈ సీమలో సంగటి ముద్దలు చేయు ఇల్లాలిని చూడుడు. కుండనుండి దించిన వేడి సంగటిని ముట్టుటకు ముందు ఆమె చేతిని నీట ముంచును. తడిచేతికి సంగటి అంటదు. చేయి ఆరినంతనే అంటుకొని కాల్చును. ఆ చేతికిని ఆ ముద్దకును నడుమ నిలిచినది కంటికి కనబడని పలుచని నీటిపొర; ఆ పొర యున్నంతసేపు అవి రెండును ఒకదానినొకటి నిజముగ తాకనే లేదు. ఏటిలో జరుగునదియు నిదియే. బండమీద నిలిచితినని మనిషి యనుకొనును. వాడు నిలిచినది నీటిపొరమీద.

ఇంత పలుచని పొర ఇంత బరువును ఎట్లు మోయగలదను సందేహము సహజము. ఈ సందేహమునకు సమాధానము ఏటిలో గాక రైలు ఇరుసులలో దొరకినది. 1883 ప్రాంతమున ఇంగ్లండులో బోషాం టవర్ అను ఇంజనీరు, రైలుబండి ఇరుసునకు నూనె పెట్టు విధానమును పరీక్షించుచు, ఇరుసుపైనున్న లోహపు కవచమునకు ఒక రంధ్రము చేసెను. ఇరుసు తిరుగనారంభించినంతనే నూనె ఆ రంధ్రమునుండి పైకి చిమ్మెను. బెండుబిరడా బిగించిరి, అది ఊడివచ్చెను. కొయ్యబిరడా దిగగొట్టిరి, అదియును మెల్లమెల్లగ పైకి వచ్చెను. కొలిచి చూడగా, ఇరుసుమీద మోపిన బరువువలన కలుగవలసిన సగటు ఒత్తిడికి రెట్టింపు ఒత్తిడి ఆ నూనెపొరలో ఉండెను. మూడేండ్ల తరువాత, 1886లో, ఆస్బర్న్ రేనాల్డ్స్ దీని మర్మమును విప్పెను: రెండు తలములలో ఒకటి కదలుచున్నపుడు, ఆ కదలిక ద్రవమును ఇరుకైన సందులోనికి లాగికొనిపోవును, అట్లు చొచ్చిన ద్రవము పైదానిని ఎత్తి పట్టును.

ఏటిలో నడుచువానికి ఈ రైలు ఇరుసు నేర్పు పాఠము మిక్కిలి విలువైనది. ఈడ్చుచు వేసిన అడుగు తనక్రిందికి తానే నీటిని లాగికొని, ఆ నీటిమీద తేలును. నిట్టనిలువుగ దింపి, క్షణమాగి, ఆ వెనుక బరువు మోపిన అడుగునకు మాత్రము క్రిందినున్న నీరు ప్రక్కలకు తప్పుకొనుటకు వ్యవధి దొరకును. పాదము బండను చేరును. ఏటిలో తొందరపడినవాడు పడును, మెల్లగ నడచినవాడు దాటును అని పెద్దలు చెప్పుటలో ఇంత శాస్త్రమున్నది.

నీరు తప్పుకొనుటకు పట్టు వ్యవధి సోలు ఆకృతినిబట్టియు మారును. వెడల్పైన నున్నని తలము క్రింద చిక్కిన నీటికి అంచువరకు దారి దూరము; చిన్నచిన్న గాళ్ళు కోసిన సోలులో ప్రతి ముక్కకును దారి దగ్గర. 1935లో అమెరికాదేశమున పాల్ స్పెర్రీ అను నావికుడు తన కుక్క మంచుమీద జారక పరుగెత్తుట గమనించి, దాని పాదములందలి సన్నని పగుళ్ళను చూచి, రబ్బరు సోలులో కత్తితో వంకరటింకర గాట్లు పెట్టి, తడిసిన పడవబల్లలపై జారని జోళ్ళను తయారుచేసెను. తడి మాత్రమే శత్రువైనచోట ఆ గాట్లు నేటికిని ఉత్తమమైన ఉపాయము. కాని ఏటిలో తడి ఒంటరిగ నుండదు.

పాచి

వరద తగ్గి, బురద అడుగునకు దిగి, నీరు తేటపడిన కొలదిదినములలోనే నీటిలోని బండలమీద ఒక జిగురు పొర పుట్టును. మొదట కంటికి కనబడని సూక్ష్మజీవులు రాతికి అంటుకొని తమచుట్టు ఒక జిగటను కార్చుకొనును. ఆ జిగటమీదికి గాజుపెంకువంటి కవచముగల సూక్ష్మమైన శైవలములును, పచ్చని దారములుగ పెరుగు నాచును, నల్లగను నీలముగను కనబడు మరికొన్ని జాతులును చేరును. ఈ సమస్తమును కలిపి మనవారు పాచి యందురు. అనంతపురపు తేటనీరును, లోతులేని ప్రవాహమును, అడుగువరకు దిగు ఎండయును దానికి మిక్కిలి అనుకూలములు.

పాచి యందు పదింట తొమ్మిదివంతులకుపైగ నీరే; కాని ఆ నీరు స్వేచ్ఛగ పారు నీరు కాదు, జిగటలో బంధింపబడిన నీరు. నీటిపొరను నొక్కినచో గాళ్ళగుండ ప్రక్కలకు పోవును. పాచిని నొక్కినచో ఎచటికిని పోదు, రాతిని కరచి పట్టుకొనియే యుండి, పైన పడిన పాదమును మాత్రము జార్చివేయును. పడవబల్లపై పనిచేసిన గాట్ల సోలు పాచిబండపై ఏల విఫలమగునో ఇప్పుడు తెలిసినది. నీటికి దారి ఇచ్చిన చాలును. పాచిని మాత్రము చీల్చవలెను, లేదా గీకవలెను, లేదా దానిలోనికి దిగి అడుగుననున్న రాతిని అందుకొనవలెను. సోలుల ఎంపికయందలి రహస్యమంతయు ఈ భేదముననే యున్నది.

పాచి బండను కంటితో కొంతవరకు గుర్తింపవచ్చును. నీటి అంచున సగము తడిసి సగము ఆరి నల్లగ మెరయు బండ అతి ప్రమాదకరమైనది. చెరువు మరువకు పరచిన రాతికట్టడమును, వాగుపై వేసిన సిమెంటు దారియును అంతకంటె ప్రమాదకరములు. ఏలయన సహజమైన బండకు పలుకులైన ఉండును, సిమెంటు తలముమీద పాచి తప్ప కాలికి అందునది మరేమియు లేదు. పైగా అది వాలుగ నుండును, దానిక్రింద మడుగుండును. నీరు పొరలిపారు మరువమీద నిలిచి వల పట్టు కుఱ్ఱలను చూచినపుడెల్ల నాకు గుండె ఝల్లుమనును.

నీటి తోపు, నీటి ఎత్తు

ఇంతవరకు నీరు నిలిచియున్నట్లే మాటలాడితిమి. పారునీటిలో నిలుచువానిపై రెండు శక్తులు ఒకేసారి పనిచేయును. ఒకటి ప్రక్కకు త్రోయునది. రెండవది పైకి ఎత్తునది. మొదటిదానిని అందరును ఎరుగుదురు. రెండవదానిని తలచువారు అరుదు.

మోకాటిలోతు నీరు సెకనుకు 1 మీటరు వేగముతో, అనగా మనము తీరికగ నడచు వేగముతో, పారుచున్నదనుకొనుడు. రెండు కాళ్ళపైని పడు తోపు స్థూలముగ 5, 6 కిలోల బరువునకు సమానము. ఎవడైనను దీనిని తాళగలడు. వేగము రెట్టింపైనచో తోపు రెట్టింపగుననుకొనుట సహజమేగాని, అది నిజము కాదు. నాలుగురెట్లగును, 20 కిలోలు దాటును. లోతు తొడవరకు పెరిగినచో నీటికెదురుగ నిలిచిన కాలిభాగము రెట్టింపగును గావున, నడకవేగపు నీరే 10 కిలోల తోపు త్రోయును. పరుగువేగపు నీరు 40 కిలోల తోపు త్రోయును.

ఇక రెండవ శక్తి. నీట మునిగిన దేహభాగమును నీరు పైకెత్తును. నడుములోతున నిలిచినవాని పాదములపై వాని బరువులో సుమారు సగమే మిగులును, రొమ్ములోతున మూడవవంతు మాత్రమే. అమాంతోం చెప్పిన నియమమును ఇచట తలచుకొనుడు: బరువు తగ్గిన పట్టు తగ్గును. అనగా లోతునకు పోవుకొలది నీరు త్రోయుట పెరుగును, అదే సమయమున మనలను నేలకు అదిమిపెట్టు బరువు తరుగును. 60 కిలోల మనిషికి తొడలోతున 45 కిలోల బరువు మిగిలినదనుకొందము. పాచిబండమీద సోలు ఆ బరువులో ఐదవవంతు పట్టు మాత్రమే ఇచ్చినచో, 9 కిలోల తోపునకు మించి వాడు నిలువజాలడు. నడకవేగపు నీరే వానిని జార్చుటకు చాలినది. మోకాటిలోతున క్షేమముగ నిలిచినవాడు ఇంకొక రెండడుగులు ముందునకు వేసి కొట్టుకొనిపోవుటలో విధివైపరీత్యము లేదు. ఈ చిన్న లెక్క యున్నది.

2021 నవంబరులో ఈ జిల్లా ఈ లెక్కను కన్నులార చూచినది. చిత్రావతీనది వరదలో చిక్కినవారిని తెచ్చుటకు పోయిన జేసీబీ యంత్రమే నీటిలో చిక్కుపడగా, వాయుసేన హెలికాప్టరు వచ్చి 10 మందిని రక్షింపవలసివచ్చెను. అదే నెలలో మన పాపాఘ్ని కమలాపురముకడ తనమీదనున్న వంతెననే కూల్చెను. కొన్ని టన్నుల యినుమును కదలనీయని నీటిలో జోళ్ళ మాట యెత్తుట వ్యర్థము. కనుక ఈ అధ్యాయమున చెప్పుచున్నదంతయు వరద తీసిన తరువాతి ఏటిని గూర్చియేయని పాఠకుడు గ్రహించవలెను.

జోళ్ళలో నీరు నిండినచో అవి మనిషిని అడుగునకు లాగునను భయము మనదేశమునను విదేశములలోను కలదు. అది సరికాదు, నీటిలోని నీటికి బరువు తెలియదు. నిండిన జోళ్ళతో ఒడ్డునకు ఎక్కునపుడు మాత్రమే ఆ బరువు కాళ్ళకు తెలియును. అమెరికాలో ప్రసిద్ధుడైన గాలపువేటకాడు లీ వుల్ఫ్, నీటిలో దిగు రబ్బరు తొడుగులు ధరించియే వంతెనపైనుండి నదిలోనికి దూకి, ఈదివచ్చి, ఆ భయమును తన దేహముతో ఖండించెను. నిజమైన ప్రమాదము వేరు: వదులుగనున్న జోడు రాళ్ళసందున ఇరుకుకొనుట. కాలు చిక్కి మనిషి పడినచో వెనుకనుండి వచ్చు నీరు వానిని లేవనీయదు. అందుచేతనే కొట్టుకొనిపోవువాడు నిలువజూడక, వెల్లకిల తేలి, పాదములు ప్రవాహపుదిక్కునకు చాచి, నీరు పలుచబడినచోటికి చేరవలెనని శిక్షకులు బోధింతురు.

సోలుల జాతులు

వట్టికాలితోనే ప్రారంభింతము, ఏలయన మన ఏళ్ళలో దిగువారిలో అనేకులు వట్టికాళ్ళవారే. వట్టిపాదము మూఢమైనది కాదు. వ్రేళ్ళు ముడుచుకొని రాతి అంచును పట్టగలవు, అరికాలు ఏది కదలు రాయో ఏది కదలని రాయో క్షణములో చెప్పగలదు. ఈ జ్ఞానమును ఏ జోడును ఇయ్యజాలదు. కాని పాపాఘ్ని ఇసుకలో కంపచెట్ల ముండ్లును, పగిలిన సీసాల పెంకులును కలవు. ముల్లు గ్రుచ్చుకొన్న పాదమును చటుక్కున లాగుకొనుటలోనే అనేకులు పడుదురు. హవాయిచెప్పు వట్టికాలికంటె కీడు: ప్రవాహము దానిని పాదమునుండి ఊడబీకును, పోవుచున్న చెప్పుకొరకు మనిషి చేయి చాచును. గంబూటు పొలములో మేలేగాని, ఏటిలో వదులైనది, చీలమండను పట్టనిది.

గట్టి రబ్బరు సోలునకు లోతైన దిమ్మెలు చెక్కు పద్ధతికి ఒక విషాదకథ మూలము. 1935లో ఆల్ప్స్ పర్వతములలో పుంతా రాసికా శిఖరమున వాతావరణము హఠాత్తుగ మారి ఆరుగురు ఆరోహకులు మరణించిరి. వారి కాళ్ళకున్న జోళ్ళు ఆ మంచురాళ్ళకు తగినవి కావు. వారి మిత్రుడైన విటాలె బ్రమాని యను ఇటలీదేశస్థుడు దీనికి కుమిలి, 1937లో రబ్బరు దిమ్మెల సోలును నిర్మించెను. నేడు ప్రపంచమంతటను కొండయెక్కువారి కాళ్ళక్రింద నున్నది దాని సంతానమే. బురదగట్టు నెక్కుటకు, పొడిగుట్ట దిగుటకు దానికి సాటి లేదు. పాచిబండమీద మాత్రము ఆ దిమ్మెలు పాచిని చీల్చజాలవు. గట్టిపడిన పాత రబ్బరైనచో మరియు కష్టము. అందుచేత ఏటికొరకు చేయు రబ్బరు సోలులలో మెత్తని రబ్బరును వాడి, దానికి మేకులు బిగింతురు.

మేకులు బండను గీకుటకు. బ్రిటిషు గాలపువేటకాండ్రు పూర్వము తోలుజోళ్ళకు ఇనుపమేకులు కొట్టించుకొనెడివారు. నేడు టంగ్‌స్టన్ కార్బైడు మొన గల చిన్న మరమేకులు వచ్చినవి. గట్టిదైన నల్లరాతిమీద సామాన్యపు ఇనుపమేకు అరిగి నున్ననై, ఒక్కొక్కమారు తానే జారుటకు కారణమగును. కార్బైడు మొన పాచిని చీల్చి రాతిని గ్రుచ్చును. దీనికి విరుద్ధమైన ఉపాయము అల్యూమినియము పట్టీలది. ఆ లోహము మెత్తనిది; బరువు పడినపుడు రాతిపలుకులే దానిలోనికి దిగి పట్టుకొనును. రెంటికిని లోపమొకటి: రాతిమీద గలగల చప్పుడు, చేపలు ఆ కదలికను పసిగట్టి తొలగిపోవును.

ఇక అన్నిటికంటె ప్రసిద్ధమైనది ఫెల్టు, అనగా నేయక ఒత్తి దట్టము చేసిన ఉన్ని లేక కృత్రిమపు పీచు. చూచుటకు మెత్తని గుడ్డ. ఇట్టిది రబ్బరును మించి పట్టునని మొదట ఎవరును నమ్మరు. దాని కొనలు లెక్కలేనన్ని పీచుపోగులు; ఒక్కొక్క పోగు పాచిలోనికి దిగి రాతిని తాకును; వాని నడుమనున్న ఖాళీలు నీటిని పీల్చుకొనును; అడుగు వేసినపుడెల్ల పాచి కొంత తుడిచిపెట్టబడును. ఈ సత్యమును జపానుదేశపు పల్లెవారు యంత్రశాలలకంటె ముందే ఎరుగుదురు. సెలయేళ్ళలో నడచుటకు వారు గడ్డితో అల్లిన వరాజి అను చెప్పులు తొడిగెడివారు. ఆయు అను ఏటిచేపను పట్టువారు ఇప్పటికిని బొటనవ్రేలు వేరుగనుండు, ఫెల్టు అడుగు గల తొడుగులు వాడుచున్నారు. పాశ్చాత్యులలో కొందరు చేతిపనివారు పాత తివాచీముక్కలను జోళ్ళ అడుగున అంటించుకొని పని గడుపుకొనిరి. గడ్డియైనను, ఉన్నియైనను, తివాచీయైనను సూత్ర మొక్కటే: పీచు పాచిని చీల్చును.

ఈ సూత్రము మనకు చాల ముఖ్యము. ఏలయన కదిరి సంతలో ఫెల్టు జోళ్ళు దొరకకపోవచ్చునుగాని, గోనెపట్టయు నారత్రాడును ప్రతి యింటను కలవు. పాత కాన్వాసు బూటుమీద, అరికాలి ముందుభాగమున, గోనెపట్టను రెండు చుట్లు చుట్టి పాదముపైన బిగించి కట్టినచో, పాచిబండమీద ఆ బూటు స్వభావమే మారును. ముడి పాదముపైన నుండవలెను, అడుగున నుండరాదు. కొనలు వ్రేలాడక బిగువుగ దోపవలెను. ఫెల్టునకుగల దోషము దీనికిని కలదు: తడిమట్టి గట్టుమీదను, పచ్చగడ్డిమీదను ఇది ఘోరముగ జారును. ఏటిలో కట్టుకొని, గట్టు ఎక్కుటకు ముందు విప్పవలెను.

అడుగున అంటివచ్చునది

ఫెల్టుమీద ఒక నేరము మోపబడినది. 2004లో న్యూజిలాండు దక్షిణద్వీపపు నదిలో డిడిమో యను సూక్ష్మశైవలము బయలుపడి, రాళ్ళను మురికి ఉన్నిరంగు గల మందపు పొరతో కప్పివేయసాగెను. వేటకాండ్ర ఫెల్టు సోలులు తడిని దినములతరబడి నిలువజేసికొని, ఆ జీవిని ఒక నదినుండి మరియొక నదికి మోసికొనిపోవుచున్నవని యెంచి ఆ దేశము 2008లో ఫెల్టును నిషేధించెను. అమెరికాలో మేరీలాండును వెర్మాంటును 2011లోను, అలాస్కా 2012లోను ఆ మార్గమునే త్రొక్కినవి. తరువాతి పరిశోధకులు, ఉత్తర అమెరికాలో ఈ జీవి మొదటినుండియు కలదనియు, నీటిలో భాస్వరము మిక్కిలి తగ్గినపుడు అది విజృంభించుననియు చూపిరి. వెర్మాంటు 2016లో తన నిషేధమును ఎత్తివేసెను. కాని తడిపీచు జీవులను మోయునను మూలవిషయమును ఎవరును కాదనలేదు.

మన సీమ ఏళ్ళలో డిడిమో లేదు. అయినను ఒక చెరువులోని చేపపేను గ్రుడ్లును, గుర్రపుడెక్క విత్తులు కలిసిన బురదయును మరియొక చెరువునకు పోవుటకు తడిగోనెపట్ట చక్కని వాహనమే. కట్ల, రోహు పిల్లలను ఖర్చుపెట్టి చెరువులో వదలిన మత్స్యకారసంఘమువారికి ఇది చిన్న విషయము కాదు. న్యూజిలాండువారు తమ ప్రజలకు బోధించినది మూడు మాటలలో ఇమిడియున్నది: చూడుము, కడుగుము, ఆరబెట్టుము. తాకినచో పొడిగ తోచిన తరువాత మరి 48 గంటలు ఆరనిండని వారి నియమము. వారి చల్లనిదేశమున ఇది కష్టసాధ్యము. ఏడాదిలో అధికదినములు మింట మబ్బు కనబడని మన పీఠభూమిలో ఖర్చులేని పని. మన కరవుసీమ ఎండను నేను మెచ్చుకొను తావులలో ఇది యొకటి. గోనెపట్టను ఎండలోనే పరువుడు. రబ్బరు బూటును మాత్రము గాలి తగులు నీడలో నుంచుడు, లేనిచో రబ్బరు గట్టిపడును, జిగురు వదలును.

తనకల్లు ఏటికి ఏది?

పాపాఘ్నిలో ఇసుకపాయలే ఎక్కువ. ఇసుకలో ఏ సోలైనను నిలుచును. అచట కావలసినది ముండ్లనుండి రక్ష, కాలినుండి ఊడని బిగువు. లేసులు గట్టిగ కట్టిన, చీలమండను కప్పు, మెత్తని రబ్బరు అడుగు గల పాత కాన్వాసు బూటు దీనికి చాలును. నీరు బయటకు పోవుటకు బూటు అడుగు అంచున రెండు చిన్న రంధ్రములు చేయించుకొనుట మంచిది. బండలమీద నిలువవలసినపుడు గోనెపట్ట కట్టవలెను. డబ్బు వెచ్చింపగలవారు, పలు నదులు తిరుగువారు, మెత్తని రబ్బరు సోలునకు కార్బైడు మేకులు బిగించిన జోడును కొనవచ్చును. మన నల్లరాతికి అది తగినది, త్వరగ ఆరును, చెరువునుండి చెరువునకు తక్కువ మోయును.

జోడుతోపాటు చేతికర్ర తప్పదు. గొఱ్ఱెలకాపరి చేతిలోని భుజమెత్తు వెదురుకర్ర చాలును. కర్రను ప్రవాహము వచ్చువైపున ఆనించి, ముఖము నీటికెదురుగ నుంచి, ప్రక్కకు నడువవలెను. కర్ర, రెండు కాళ్ళు అను మూడింటిలో ఒక్కటి మాత్రమే ఒక వేళకు కదలవలెను. దిగుటకు ముందు ఎండుపుల్ల నొకదానిని ప్రవాహమున వేసి, ఒడ్డున దానితోపాటు నడచి చూడుడు. మామూలు నడకతో దానిని అందుకొనజాలనిచో మోకాటికి మించి దిగరాదు. అడుగు కనబడని బురదనీరైనచో అసలే దిగరాదు.

మరువను గూర్చి నా మాట వేరు. చెరువునిండి నీరు పొరలిపారు మరువ రాతిమీద గోనెపట్టయు చాలదు, కార్బైడు మేకును చాలదు, చేతికర్రయు నిలువదు. పాచి, వాలు, వేగము, క్రింది మడుగు నాలుగును అచట కూడియున్నవి. మీ యింటి పిల్లలను ఆ రాతిమీదికి పోనీయకుడు. చేప కావలెనన్నచో మరువకు దిగువన నీరు పరచుకొని పలుచబడినచోట, గట్టుమీద నిలిచి గాలము వేయుడు.